మారిన నెలవులు, మారని నిష్ఠ

శ్రీనివాసుని సేవించి తరించిన తెలుగు కవయిత్రి తరిగొండ వెంగమాంబ. వాయలపాడు సమీపమునందలి తరిగొండలో 1730లో ఆమె జన్మించినది. బాల్యముననే వివాహము, అచిరకాలములోనే వైధవ్యము సంప్రాప్తించినవి. శ్రీవేంకటేశ్వరుడే తన పతియని నమ్మిన ఆమె శిరోముండనమునకు గాని, సుమంగళీ చిహ్నముల త్యాగమునకు గాని అంగీకరింపలేదు. లోకనిందకు చలింపలేదు.

అంతటి దృఢచిత్త అయ్యును, నేర్వవలసిన చోట వినమ్ర శిష్యురాలైనది. మదనపల్లెలో సుబ్రహ్మణ్యశాస్త్రిగారి నాశ్రయించి యోగవిద్య నభ్యసించినది. స్వగ్రామమున నున్నపుడు అచ్చటి నృసింహస్వామిపై శతకము రచించినది. ఊరిలో నిలువ వీలుగాని స్థితిలో తిరుమల చేరి, ఆ కొండనే పుట్టినింటివలె భావించినది. ఏకాంతము కోరి తుంబురుకోనలో తపస్సు చేసినది. శతకము, యక్షగానము, ద్విపద, పద్యకావ్యము అను పలు ప్రక్రియలను చేపట్టి, శ్రీవేంకటాచల మాహాత్మ్యమువంటి గ్రంథములను లోకమున కందించినది.

1817లో తిరుమలలోనే ఆమె పరమపదించినది. నేటికిని ఏకాంతసేవలో ఆమె పేర స్వామికి ముత్యాలహారతి జరుగుచున్నది. యాత్రికులు అన్నప్రసాదము స్వీకరించు భవనము ఆమె నామమునే ధరించినది.

నెలవు మారినది, విద్య పెరిగినది, రచనారీతులు మారినవి. స్వామియందలి అనన్యభావ మొక్కటే తొలినాటివలె నిలిచినది. సంసారమున మార్పులెదురైనపుడు ఏది విడువవచ్చునో, ఏది విడువరాదో ఆ తల్లి జీవితము మనకు బోధించుచున్నది.