బూజు గుట్టు విప్పిన డి బారీ

పంట పోతే ఊరు వదలాల్సి వస్తుందని మనలో చాలామందికి ఎవరూ చెప్పనక్కర్లేదు. 1845లో ఐర్లండు రైతులకూ అదే గతి పట్టింది. పచ్చగా ఉన్న బంగాళాదుంప చేలు చూస్తుండగానే నల్లబడి కుళ్ళిపోయాయి. తర్వాతి ఏళ్లలో ఆకలికి, జబ్బులకు సుమారు 10 లక్షల మంది చనిపోయారు. ఇంకో 10 లక్షల మంది ఓడలెక్కి దేశం విడిచారు.

వాతావరణం చెడి మొక్క కుళ్ళుతుందని, ఆ కుళ్ళులోంచే బూజు పుడుతుందని అప్పట్లో చాలామంది పండితుల నమ్మకం. అది తలకిందులని రుజువు చేసి చూపించినాయన ఆంటన్ డి బారీ.

1831లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టారు. తండ్రి డాక్టరు. ఆయన కూడా వైద్యమే చదివి 1853లో పట్టా పుచ్చుకున్నారు. మనసు మాత్రం మొక్కల మీదే. అదే ఏడాది పైర్లకొచ్చే తుప్పు, కాటుక తెగుళ్ల మీద పుస్తకం రాశారు. కొద్దికాలానికే ప్రాక్టీసు మానేసి, ఫ్రైబర్గ్, హాలె, స్ట్రాస్‌బర్గ్ యూనివర్సిటీల్లో ప్రొఫెసరుగా పనిచేశారు.

తెగులు ఆకు మీది బీజాలను మంచి ఆకు మీద వేసి, అవి మొలకెత్తి లోపలికి చొరబడటం మైక్రోస్కోపులో చూశారు. బూజు వచ్చాకే జబ్బు వస్తుందని 1861లో ప్రకటించారు. (ఆ బంగాళాదుంప తెగులు జీవిని ఇప్పటి శాస్త్రవేత్తలు అసలు బూజుల నుంచి వేరుచేసి చూస్తున్నారు.) గోధుమ తుప్పు తెగులు బార్బెర్రీ అనే పొద మీద సగం జీవితం గడుపుతుందని 1865లో తేల్చారు.

మరి లోపలికెళ్లిన బూజు మొక్కను ఎలా చంపుతుంది? దానికి ఆయన 1886లో జవాబు పట్టారు. తెల్లబూజు పట్టి కుళ్ళిన క్యారెట్ల రసం తీసి, మంచి ముక్కల మీద పోశారు. బూజు లేకపోయినా రసమే ముక్కల్ని మెత్తబరిచింది. అదే రసాన్ని వేడిచేసి పోస్తే ఆ శక్తి పోయింది. వేడికి చెడిపోయే ఆ పదార్థాలే ఎంజైములు.

గోడ కట్టేవాళ్లకు ఇది చిటికెలో అర్థమవుతుంది. మొక్క కణాలు ఇటుకలనుకుంటే, వాటి మధ్య సిమెంటులాంటిది పెక్టిన్. బూజు వదిలే ఎంజైములు ఆ సిమెంటును కరిగిస్తాయి, ఇటుకలు ఊడిపోతాయి. ఎంజైము ఎంత జోరుగా పనిచేస్తే చాలాసార్లు తెగులూ అంత ఉధృతం. అయితే ఒక ఎంజైమును ఆపేసినా ఇంకోటి ఆ పని చేసేస్తుంటుంది. అందుకే దీన్ని లొంగదీయడం అంత సులువు కాదు.

1888లో, 57 ఏళ్లు నిండకుండానే, డి బారీ స్ట్రాస్‌బర్గ్‌లో కన్నుమూశారు.

మన వేరుశనగ చేలల్లో మొదలు కుళ్ళు తెచ్చే బూజుదీ ఇదే పద్ధతి. ముందు ఆక్సాలిక్ ఆమ్లం వదిలి గోడలోని కాల్షియాన్ని లాగేస్తుంది, తర్వాత ఎంజైములతో కరిగిస్తుంది. దాని ఆవగింజలంతేసి గింజలు నేలలో ఏళ్ల తరబడి బతుకుతాయి. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు, మొక్క మొదట్లో తెల్లటి బూజు కనబడుతోందేమో అడగండి. కనబడితే వేసవిలో లోతు దుక్కి దున్నమని చెప్పండి.