ముద్దాయి హక్కులకు అండ – కోకా సుబ్బారావుగారి జీవితము

గుంటూరు పట్టణమున బ్రాడీపేట వీధులకు అంకెలే పేర్లు. లైన్లు ఒకవైపు, వానిని ఖండించుచు అడ్డరోడ్లు మఱియొకవైపు, రైలుకట్టకు ఆవల అరండల్‌పేట. మిరప, ప్రత్తి పండించు పల్లెల నుండి కోర్టుపని మీద వచ్చినవారు వకీలు ఇల్లు వెదకుకొనుచు ఈ లైన్ల వెంట నడచుట ఈ పట్టణమునకు పాత అలవాటు. గట్టు తగాదా అయినచో వాయిదా పడినను కాపువాని బ్రతుకు ఎటులో సాగిపోవును. హత్యానేరము మోపబడిన వాని సంగతి వేఱు. ఒక్క తీర్పుతో అతని ప్రాణము, ఇంటిల్లిపాది బ్రతుకు తేలిపోవును.

సెషన్సు న్యాయమూర్తి ఉరిశిక్ష విధించినంత మాత్రమున దానిని అమలు జరుపుటకు వీలు లేదు. హైకోర్టు ఆ శిక్షను ధ్రువపఱచవలెను. 1954 వఱకు గుంటూరు ముద్దాయికి ఆ హైకోర్టు మద్రాసులో ఉండెను. రాత్రంతయు రైలు ప్రయాణము, ఎఱుగని ఊరు, తెలియని భాష, పెద్ద వకీలు రుసుము, ఇవన్నియు అతని తరపువారు భరింపవలసి వచ్చెడివి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించినపుడు రాజధాని కర్నూలునకును, హైకోర్టు గుంటూరునకును దక్కినవి. 1954 జూలై 5వ తేదీన గుంటూరులో ఆంధ్ర హైకోర్టు నెలకొనెను. దాని తొలి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు. తరువాతి కాలమున దేశమునకే ప్రధాన న్యాయమూర్తియై, నేరము మోపబడినవానికి రాజ్యాంగము ఇచ్చిన రక్షణలను గూర్చి ఒంటరిగానైనను నిలిచి తీర్పులు వ్రాసిన మహనీయుడు ఆయనయే.

సుబ్బారావుగారు 1902 జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. తండ్రి న్యాయవాది, ఆయన చిన్న వయస్సుననే గతించెను. రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలలో పట్టము పుచ్చుకొని, మద్రాసు లా కళాశాలలో న్యాయశాస్త్రము చదివి, మామగారైన వేంకటరమణారావుగారి వద్ద వృత్తి నేర్చిరి. నడుమ కొన్ని నెలలు గుంటూరు జిల్లా బాపట్లలో జిల్లా మునసబుగా పనిచేసిరి. ఈ ప్రాంతపు రైతు సాక్షిబోనులో ఎట్లు నిలుచునో, గుమాస్తా చదివిన కాగితమునకు ఎట్లు తల యూపునో చూచుటకు ఆ కొలది నెలలు చాలును. మామగారు హైకోర్టు న్యాయమూర్తి అయిన పిమ్మట బావమఱది పి. వి. రాజమన్నారుగారితో కలిసి మద్రాసులో వృత్తి సాగించిరి. రాజమన్నారుగారు తరువాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిరి. సుబ్బారావుగారు 1948లో అదే హైకోర్టున న్యాయమూర్తి పదవి స్వీకరించిరి.

ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు క్రొత్త హైకోర్టును నెలకొల్పు బాధ్యతను ప్రత్యేకాధికారిగా ఆయనకే అప్పగించిరి. రెండు సంవత్సరములు గడచి, 1956 నవంబరులో ఆంధ్రప్రదేశము ఏర్పడగా హైకోర్టు హైదరాబాదునకు తరలెను. సుబ్బారావుగారు అచ్చటను ప్రధాన న్యాయమూర్తిగా ఉండి, 1958 జనవరి 31వ తేదీన సుప్రీంకోర్టు న్యాయమూర్తులైరి.

ఆ సంవత్సరము నవంబరులోనే ఒక ప్రశ్న సుప్రీంకోర్టు ముందునకు వచ్చెను. ప్రభుత్వముతో ఒప్పందము చేసికొనిన పౌరుడు తన ప్రాథమిక హక్కును వదలుకొనినట్లు భావింపవచ్చునా? అది ఆదాయపు పన్ను వ్యాజ్యమే అయినను, ప్రశ్న మాత్రము ఠాణాలో కూర్చున్న ముద్దాయికిని సంబంధించినదే. బెదిరియో, ఆశపడియో, తెలియకయో హక్కు వద్దని సంతకము చేసిన వానికి ఆ హక్కు పోవునా? న్యాయమూర్తులలో అభిప్రాయభేదము కలిగెను. సుబ్బారావుగారు మాత్రము, ఏ ప్రాథమిక హక్కును ఏ పౌరుడును వదలుకొనజాలడని వ్రాసిరి. ఆ హక్కులు వ్యక్తికి మేలు చేయుటకు మాత్రమే పుట్టినవి కావు. రాజ్యము మితిమీఱకుండుటకు వేసిన కట్టలు. పేదరికము, అవిద్య ఉన్న దేశమున ప్రజల అజ్ఞానమును ఆసరా చేసికొని హక్కులను కాజేయుట ప్రభుత్వమునకు సులభమగునని ఆయన శంక.

ముద్దాయి పోలీసు అధికారికి ఇచ్చిన నేరాంగీకారమును కోర్టులో రుజువుగా చూపరాదని 1872 నాటి సాక్ష్య చట్టము చెప్పెను. దెబ్బకో, భయమునకో వచ్చిన మాట నిజమని నమ్ముటకు వీలు లేదను అనుభవము దాని వెనుక కలదు. కాని ఆ చట్టములోని 27వ సెక్షను ఒక ద్వారము తెఱచెను. నిర్బంధములో ఉన్నవాడు చెప్పిన సమాచారము వలన ఆయుధము వంటి వస్తువు దొరికినచో, ఆ మేరకు ఆ మాటలు రుజువగును. నిర్బంధములో లేనివాని మాటలకు ఆ సెక్షను వర్తింపదు. అనగా పోలీసుల చేతిలో చిక్కి, అధిక రక్షణ అవసరమైన వానికే తక్కువ రక్షణ దక్కుచున్నది. 1960లో ఒక హత్యకేసున ఈ ప్రశ్న వచ్చినపుడు ఈ భేదము సమానత్వమునకు విరుద్ధమని సుబ్బారావుగారు భిన్నాభిప్రాయము వ్రాసిరి. అధిక సంఖ్యాకులు అంగీకరింపలేదు. ఆ నియమము నేటి క్రొత్త సాక్ష్య చట్టమునను నిలిచియే యున్నది. ఆయన భిన్నాభిప్రాయములన్నియు గెలిచినవని చెప్పుట సరికాదు.

ఆయన నేరస్థులను విడిపించుటకే మొగ్గు చూపిరను తలంపును సరికాదు. 1961లో పదునొకండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, వ్రేలిముద్రలను గాని వ్రాతమచ్చులను గాని తీసికొనుట ముద్దాయిచే అతనికే వ్యతిరేకముగ సాక్ష్యము చెప్పించుట కాదని నిర్ణయించెను. సుబ్బారావుగారు ఆ పక్షముననే ఉండిరి. నోరు విప్పుమని నిర్బంధించుట వేఱు, శరీరపు గుర్తును పోల్చిచూచుట వేఱు. దర్యాప్తు సాగవలెను, కాని బలవంతపు మాటపై కాదు.

అదే సంవత్సరము నవంబరు 24వ తేదీన నానావతి కేసులో ఆయన వ్రాసిన తీర్పు న్యాయశాస్త్ర విద్యార్థులందఱును చదువునది. నౌకాదళ కమాండరు నానావతి 1959 ఏప్రిల్ 27వ తేదీన బొంబాయిలో ప్రేమ్ అహూజా అను వర్తకుని రివాల్వరుతో కాల్చెను. ఆ వర్తకునితో తనకు సంబంధము కలదని భార్య చెప్పిన దినముననే ఇది జరిగెను. జూరీలో ఎనమండుగురు నిర్దోషి యనిరి. ఒక్కరు మాత్రము దోషి యనిరి. సెషన్సు న్యాయమూర్తి ఆ నిర్ణయముతో ఏకీభవింపక కేసును బొంబాయి హైకోర్టునకు నివేదించెను. హైకోర్టు యావజ్జీవ శిక్ష విధించెను. దేశమంతట పత్రికలు ఆ కథనే చెప్పుకొనుచున్న రోజులవి. జనుల సానుభూతి అధికముగ కమాండరు వైపుననే ఉండెను.

సుబ్బారావుగారు ఆ సందడిని ప్రక్కకు నెట్టి మొదటి సూత్రము నుండి ఆరంభించిరి. నేరము రుజువగువఱకు ముద్దాయి నిర్దోషి. నేరమును రుజువు చేయు భారము మొదటి నుండి తుది వఱకు ప్రాసిక్యూషనుదే. ఆకస్మికముగా పిస్తోలు ప్రేలినదనియో, ఆవేశములో చేసితిననియో మినహాయింపు కోరినపుడు ఆ మినహాయింపును చూపు భారము ముద్దాయిపై ఉండవచ్చును. అయినను అతడు తెచ్చిన సాక్ష్యము నేరపు మూలాంశములపై సహేతుకమైన సందేహము కలిగించినచో, ఆ సందేహపు ఫలము అతనికే చెందవలెను. ఈ కొలబద్దతో చూచినపుడు నానావతికి ఫలము దక్కలేదు. మధ్యాహ్నము ఒకటిన్నరకు ఇల్లు విడిచి, భార్యాబిడ్డలను సినిమా కడ దింపి, ఓడకు పోయి రివాల్వరు తీసికొని, నాలుగు గంటల ఇరువది నిమిషములకు కాల్చిన వానికి మనస్సు కుదుటబడుటకు చాలినంత వ్యవధి ఉండెనని తేల్చి, శిక్షను ఖాయపఱచిరి. రక్షణలు పూర్తిగా దక్కిన పిదప పడిన శిక్షకే విలువ యని ఈ తీర్పు నేర్పును. 1964లో మతిస్థిమితము లేదని వాదించిన ఒక ముద్దాయి కేసులోను ఆయన ఈ సూత్రమునే మఱింత విశదపఱచిరి.

అన్నిటికంటె ఆయన పేరు నిలిపినది ఖడక్ సింగు కేసు. ఉత్తరప్రదేశములో అతనిపై 1941లో దోపిడీ నేరము మోపి, సాక్ష్యము చాలక విడిచిపెట్టిరి. విడిచిపెట్టిన పిదప పోలీసులు అతని పేర చరిత్రపత్రము తెఱచిరి. తెలుగునాట రౌడీషీటు అని పిలుచునట్టిదే అది. రాత్రివేళ కానిస్టేబులు వచ్చి తలుపు తట్టుట, నిద్ర లేపి ఉన్నాడా లేడా యని చూచుట, ఊరు విడిచి పోవునపుడు చౌకీదారునకు తెలుపుమనుట, రాకపోకలపై నిఘా పెట్టుట నిత్యకృత్యమయ్యెను. నేరము రుజువు కాలేదు. శిక్ష మాత్రము తీఱలేదు.

1962 డిసెంబరు 18వ తేదీన ఆరుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. రాత్రివేళ ఇంటిలోనికి వచ్చుట చెల్లదని అందఱును అంగీకరించిరి. తక్కిన నిఘా తప్పు కాదనియు, ఏకాంతమునకు రాజ్యాంగమున హక్కు లేదనియు నలువురు తలంచిరి. సుబ్బారావుగారు, షా గారు విభేదించిరి. ఒడలికి సంకెల లేకున్నను, ప్రతి అడుగును ఎవరో గమనించుచున్నారను భయము మనస్సునకు సంకెలయే. తన ఇంట తాను స్వేచ్ఛగ నుండుట వ్యక్తిస్వాతంత్ర్యములో అంతర్భాగము. కనుక ఆ నిబంధన మొత్తము చెల్లదని సుబ్బారావుగారు వ్రాసిరి. హక్కులను వేర్వేఱు పెట్టెలలో పెట్టక ఒకదానితో నొకటి కలిపి చదువవలెనను పద్ధతియు ఆ తీర్పులో కలదు.

1962 అక్టోబరులో చైనాతో యుద్ధము వచ్చెను. దేశమున అత్యవసర పరిస్థితి ప్రకటింపబడెను. విచారణ లేక నిర్బంధింపబడినవారు హైకోర్టుల తలుపు తట్టవచ్చునా యను ప్రశ్న 1963లో వచ్చెను. ప్రాథమిక హక్కులు భంగమైనవను కారణముతో రాకూడదని ఆరుగురు న్యాయమూర్తులు నిర్ణయించిరి. క్రిమినలు ప్రొసీజరు కోడు ఇచ్చిన దారి మూతపడలేదని సుబ్బారావుగారు ఒక్కరే వ్రాసిరి.

1966 జూన్ 30వ తేదీన ఆయన భారత ప్రధాన న్యాయమూర్తి అయిరి. 1967 ఫిబ్రవరి 27వ తేదీన గోలక్‌నాథ్ కేసులో, ప్రాథమిక హక్కులను తగ్గించు అధికారము పార్లమెంటునకు లేదని ఆరుగురు, కలదని ఐదుగురు తీర్పు చెప్పిరి. అధిక సంఖ్యాకుల పక్షమున ప్రధాన తీర్పు ఆయనదే. అది తీవ్ర విమర్శకు గుఱియై, 1973లో పదుమూడుగురి ధర్మాసనముచే ఆ రూపమున త్రోసిపుచ్చబడెను. తీర్పు వెలువడిన రెండు నెలలలోపే, ఏప్రిల్ 11వ తేదీన పదవి విడిచి, ప్రతిపక్షముల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీచేసి, జాకీర్ హుస్సేనుగారి చేతిలో ఓడిరి. ధర్మపీఠము నుండి నేరుగా ఎన్నికలకు దిగుట తగునా యని నాడు పలువురు అడిగిరి. ఆ ప్రశ్నలో న్యాయము లేకపోలేదు.

1975 జూన్‌లో మఱల అత్యవసర పరిస్థితి వచ్చెను. వేలమంది విచారణ లేక చెఱలలో మగ్గిరి. నిర్బంధము చట్టవిరుద్ధమైనను అడుగుటకు పౌరునికి దారి లేదని 1976 ఏప్రిల్ 28వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఐదుగురిలో ఖన్నాగారు ఒక్కరే విభేదించిరి. ఆ తీర్పు వచ్చిన ఎనిమిది దినములకు, మే 6వ తేదీన సుబ్బారావుగారు కన్నుమూసిరి. తాను జీవితమంతయు కాపాడదలచిన ద్వారము మూసికొనిన వారమునందే ఆయన వెడలిపోయిరి.

ఆ ద్వారము మఱల తెఱచుకొనెను. 1978లో హక్కులను కలిపి చదువవలెనను ఆయన పద్ధతిని సుప్రీంకోర్టు అనుసరించెను. ఆ సంవత్సరమే చేసిన 44వ రాజ్యాంగ సవరణము, అత్యవసర పరిస్థితిలోనైనను 20, 21 అధికరణముల రక్షణకై కోర్టుకు పోవు హక్కును నిలిపివేయరాదని నిర్దేశించెను. 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా ఏకాంతము ప్రాథమిక హక్కేయని తీర్పు చెప్పిరి. ఖడక్ సింగు కేసులో నాడు ఓడిన అభిప్రాయమే సరియైనదనిరి. ఏబదినాలుగు సంవత్సరములకు పైగా అది గ్రంథములలో వేచియుండెను.

నేడు బ్రాడీపేట బడిలో పౌరశాస్త్రము చదువు బాలునికి ఈ రక్షణలు నాలుగు వాక్యములుగా కనబడును. పట్టుకొనినవారు కారణము తెలుపవలెను. ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెను. ప్రయాణకాలము అందులో లెక్క కాదు. ఇష్టమైన న్యాయవాదిని సంప్రదింపనీయవలెను. పేదవానికి ప్రభుత్వమే న్యాయవాదిని సమకూర్చవలెను. తనకు వ్యతిరేకముగ సాక్ష్యము చెప్పుమని ఎవ్వరును నిర్బంధింపరాదు. పరీక్షకై కంఠస్థము చేసి మఱచిపోవు వాక్యములు కావు ఇవి. ఊరంతయు దోషి యని వ్రేలు చూపిననాడు, బంధువులు సయితము తలుపు మూసిననాడు, మనిషికి మిగులునవి ఇవియే.

2019 నుండి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు గుంటూరునకు చేరువనే, అమరావతిలో నడచుచున్నది. మిరప, ప్రత్తి పొలముల మీదుగా ఇప్పుడును ఏదో ఒక ఇంటివారు, చెఱలోనున్న తమ వాని కాగితములు చేతబట్టుకొని అచ్చటికి పోవుచునే యుందురు. సుబ్బారావుగారి పేరు వారెఱుగకపోవచ్చును. వారి వకీలు చేయు వాదములో ఆయన మాట మాత్రము తప్పక ఉండును.