డిమూవరు: ప్రవాసి గణితవేత్త

సంకీర్ణ సంఖ్యలు చదివిన విద్యార్థికి డిమూవరు అనునది ఒక సిద్ధాంతపు పేరు మాత్రమే. ఆ పేరు గల మనుష్యుని బ్రతుకు ఎట్టిదో ఎరిగినవారు తక్కువ.

అబ్రహాం డిమూవరు 1667లో ఫ్రాన్సు దేశమందలి విత్రీ పట్టణమున ఒక శస్త్రవైద్యుని ఇంట జన్మించెను. వారిది ప్రొటెస్టంటు మతము. 1685లో పదునాలుగవ లూయీ ఆ మతస్థులకు గల రక్షణను రద్దుచేయగా, ఆతడు లండను చేరి, జీవితాంతము అచటనే గడపెను. ఇంటింటికి తిరిగి గణితము చెప్పుటయే జీవనోపాధి. న్యూటను ‘ప్రిన్సిపియా’ పెద్ద గ్రంథమగుటచే, దాని పుటలు చింపి జేబులో నుంచుకొని, ఒక శిష్యుని ఇంటినుండి మరియొకని ఇంటికి నడచునపుడు చదివెనట. పుస్తకము చించుట ఉపాధ్యాయులు మెచ్చరు గాని, ఈ చించుట క్షమింపదగినదే.

1697లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. విశ్వవిద్యాలయమున ఉద్యోగము మాత్రము ఎన్నడును లభింపలేదు. ఒక కాఫీశాలలో కూర్చుండి, జూదరులకు లెక్కలు కట్టియిచ్చుట కూడ ఆతనికి రాబడియయ్యెను.

1718లో సంభావ్యతపై ‘డాక్ట్రిన్ ఆఫ్ ఛాన్సెస్’ అను గ్రంథమును ప్రకటించి న్యూటనుకు అంకితమిచ్చెను. ఎచట కూడవలె, ఎచట గుణింపవలె నన్నదే ఈ శాస్త్రమున తొలి చిక్కు. పాచికను ఒకమారు వేయగా ఒకటియు రెండును కలసి పడజాలవు. ఇవి పరస్పర వివర్జిత ఘటనలు. ఒకటిగాని రెండుగాని పడు సంభావ్యత 1/6, 1/6 కూడగా 1/3. ఇదే రీతిని నాలుగు మారులు వేసిన ఆరు పడు సంభావ్యత 4/6 అన్నచో పొరపాటు. అట్లయిన ఆరు మారులు వేసినవానికి ఆరు పడితీరవలెను గదా! ఆరు పడకపోవుటను, అనగా 5/6ను, నాలుగు మారులు గుణించి, వచ్చిన 625/1296ను ఒకటినుండి తీసివేయగా 671/1296 మిగులును.

ఇట్టి గుణకారము పూర్వులకును తెలియును. అది చెల్లుటకు కావలసిన నియమమును డిమూవరు స్పష్టముగ నిర్వచించెను. ఒకటి జరుగుట రెండవదానికి తోడ్పడక, అడ్డుపడక యున్నచో అవి స్వతంత్ర ఘటనలు. వేరువేరు రంగుల 13 ముక్కల దొంతరలు రెండింటినుండి రెండు ఆసులు తీయు సంభావ్యత 1/169. ఒకే దొంతరనుండి మొదట ఆసు, పిదప రెండు తీయుట 1/156; ఏలయన ఆసు వచ్చినపిదప మిగులునవి 12 ముక్కలే. వివర్జిత ఘటనలే స్వతంత్ర ఘటనలని తరగతిలో పలువురు భ్రమింతురు. ఒకటి జరిగిన రెండవది అసలే జరుగనిచో, అంతకు మించిన అడ్డు ఏమున్నది?

1754లో పారిసు శాస్త్రపరిషత్తు ఆతనిని సభ్యునిగ ఎన్నుకొనెను. ఆ నవంబరులోనే, ఎనుబదియేడవ యేట, డిమూవరు లండనులో మరణించెను. గ్రంథపు మూడవ ముద్రణ 1756లో వెలువడెను.