దోర్నకలు బిషప్పు అజరయ్యగారు

వరంగల్లునుండి బెజవాడ పోవు రైలుమార్గమున దోర్నకలు అను జంక్షను గలదు. ఇప్పుడది మహబూబాబాదు జిల్లాలో చేరినను చాలకాలము మన వరంగల్లు జిల్లాలోనిదే. సెలవులకు ఇండ్లకు పోవు మన విద్యార్థులు ఆ స్టేషనును చూచియే యుందురు. దిగి, ఊరిలోని దేవాలయమును చూచినవారు కొద్దిమంది. దానిని కట్టించిన వేదనాయకం శామ్యూలు అజరయ్యగారి చరిత్రమును ఇచ్చట చెప్పదలచితిమి.

ఆయన తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి సీమలోని వెళ్లాళన్‌విళై గ్రామమున జన్మించిరి. తండ్రి పల్లెసంఘపు గురువు. మదరాసు క్రైస్తవ కళాశాలలో చదివి, పరీక్షవేళ జబ్బుపడుటచే పట్టము లేకయే వెలువడిరి. పరీక్ష తప్పిన బాలురు దీనిని సాకుగా చెప్పరాదు. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారే ఆయనకు గౌరవపట్టము నొసగిరి.

1895 మొదలు వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా ఊరూర తిరుగుచు ఆయన ఒక సంగతి గ్రహించిరి. ఒకే ప్రభువును కొలుచు దొరలును దేశీయులును కలిసి పనిచేయుదురు గాని, కలిసి భోజనమునకు కూర్చుండుట అరుదు. 1910లో ఎడిన్‌బరో మహాసభయందు ఈ మాటనే నిర్భయముగ చెప్పి, మాకు మీ ధనముకన్న మీ స్నేహము కావలెనని వేడిరి. అది అక్కడ కొందఱికి రుచింపలేదు.

అప్పటికే ఆయన దోర్నకలు చేరియుండిరి. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ ధనముతో, తమ మనుష్యులతో ఒక మిషనును స్థాపించి ఈ ప్రాంతమును ఎన్నుకొనగా, అజరయ్యగారు దానికి కార్యదర్శియైరి. ఇతరులను పొమ్మని తాము నిలిచియుండుట ఆయనకు సరిపడలేదు. 1909లో ఉద్యోగము మాని, గురుపట్టము పొంది, కుటుంబముతో నిజాము రాజ్యమునకు వచ్చి, మన భాష నేర్చి తెలుగులోనే బోధింపసాగిరి. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయుడు ఆయనయే.

ఆయన మందలో అధికులు మాలలు, మాదిగలు. ఊరు వారిని వెలివేసినది. వారిలో వారికిని తరతరముల ఎడముండెను. బాప్తిస్మము పొందినంతమాత్రమున అది తొలగలేదు. అందఱు ఒకే బల్లయొద్ద చేరవలెనని బిషప్పుగారు పట్టుపట్టిరి. ఆ పని వారి జీవితకాలమున ముగియలేదు. ఆ మాటను మేము దాచము. పరదేశపు రాగములు పల్లెవారి నోట పలుకవని యెఱిగి, తెలుగు కీర్తనలను, భజనలను, పంట పండుగలను ప్రోత్సహించిరి.

ఇక దేవాలయము. ధనము చాలక దాని నిర్మాణమునకు ఇరువదియేండ్లకు మించి పట్టినది. 1939 జనవరి 6వ తేదీన, ప్రత్యక్షతా పండుగనాడు, ప్రతిష్ఠ జరిగెను. మేము చూడబోయినప్పుడు మొదట మసీదని, స్తంభములను చూచి కోవెలయని, పిమ్మట సిలువను చూచి దేవాలయమని తెలిసికొంటిమి. ఈ దేశపు కూలి తన యింటికి వచ్చినట్లు లోనికి రావలెనని అట్లు కట్టించిరి. లోపల నేలపై కూర్చున్న ఒక ముసలమ్మ మమ్ము చూచి, చోటు చాలునని కొంచెము జరిగెను.

1945 జనవరి 1వ తేదీన బిషప్పుగారు పరమపదించిరి. ఆయన కోరిన సంఘైక్యము, దక్షిణ ఇండియా సంఘమను పేర, 1947లో నెరవేరెను. తిరునెల్వేలి బిడ్డ దోర్నకలు మంటిలోనే నిద్రించుచున్నాడు.