స్త్రీసమాజ సంస్థాపకురాలు శ్రీమతి భండారు అచ్చమాంబ

వాక్కునకు అధిదేవతగా సరస్వతిని కొలుచు దేశములో, స్త్రీలకు నలుగురియెదుట నోరు విప్పు అలవాటు లేకపోవుట చిత్రమైన విషయము. పందొమ్మిదవ శతాబ్ది చివరినాళ్ల తెలుగు కుటుంబములలో స్త్రీలకు మాటలు రావనుట సరికాదు. పేరంటములలో పాటలు పాడినవారు, రాత్రివేళ పిల్లలకు పురాణకథలు చెప్పినవారు, పెండ్లియింట వియ్యాలవారితో వాదించి నెగ్గినవారు వారే. అదే నాలుక పదిమంది కూర్చున్న సభలో కదలకపోయెడిది. సభలో మాటాడుట మగవాని పనియనియు, మాటాడిన ఆడుది గయ్యాళియనియు లోకము చేసిన తీర్పు వారి మనస్సులలోనే గూడు కట్టుకొనియుండెను. ఆ జంకును పోగొట్టుటకు పాటుపడిన తెలుగు స్త్రీలలో అగ్రగణ్యురాలు శ్రీమతి భండారు అచ్చమాంబగారు.

ఆమె 1874లో కృష్ణామండలమందు నందిగామ ప్రాంతపు పెనుగంచిప్రోలులో జన్మించిరి. శ్రీ కందుకూరి వీరేశలింగంపంతులుగారు ధవళేశ్వరములో బాలికాపాఠశాలను స్థాపించినదియు ఆ సంవత్సరమే. కాని ఆ విద్యాగంధము అచ్చమాంబగారి బాల్యమునకు సోకలేదు. ఆరవయేటనే తండ్రి కొమఱ్ఱాజు వేంకటప్పయ్యగారు గతించిరి. చదువుసంధ్య లెఱుగకముందే, పదియేండ్ల ప్రాయమున భండారు మాధవరావుగారితో వివాహము జరిగినది. మాధవరావుగారు నాటి మధ్యపరగణాలలో ఇంజనీరుగా పనిచేయుచుండిరి. అందుచేత అచ్చమాంబగారి కాపురము తెలుగుసీమకు దూరమున, నాగపురము మొదలైన పట్టణములలో సాగెను.

నేటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో తెలుగు వినబడు తావు లేవియనగానే, బస్తరు దక్షిణాంచలమున తెలంగాణపు పొలిమేరను ఆనుకొనియున్న పామేడువంటి గ్రామములు జ్ఞప్తికి వచ్చును. అచ్చమాంబగారి జీవితము ముగిసిన బిలాసుపురము ఆ రాష్ట్రమునందే, బస్తరునకు చాల ఉత్తరమున ఉన్నది. అచటి జనుల భాష వేఱు. వీధిలో తెలుగు పలుకు వినబడని ఊళ్లలో ఉద్యోగి భార్యయై యుండి, ఆమె తెలుగు స్త్రీలకొఱకు జీవితమును వెచ్చించిరి.

ఆమెకు చదువు అబ్బిన విధము గమనింపదగినది. తల్లి గంగమ్మగారును, తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును ఆమె యింటనే యుండిరి. తరువాత ఆంధ్రవిజ్ఞానసర్వస్వ సంపాదకులై వాసికెక్కిన ఆ లక్ష్మణరావుగారు అప్పటికి నాగపురములో విద్యార్థి. తమ్ముడు చదువుకొనుచుండగా అక్కగారు అక్షరములు దిద్ది, క్రమముగా తెలుగు, హిందీ, మహారాష్ట్ర భాషలను వశపఱచుకొనిరి. సంస్కృతమును, వంగ ఘూర్జర భాషలను కూడ కొంత అభ్యసించిరి. ఏ బడికిని వెళ్లక, ఏ పరీక్షయు ఈయక, ఇంటిపనుల నడుమ సంపాదించిన విద్య యది. కన్న కుమారుని, కుమార్తెను పసితనముననే పోగొట్టుకొన్న దుఃఖమును ఆమె గ్రంథపఠనములోను, అనాథబాలుర పోషణములోను దిగమ్రింగిరి.

మహారాష్ట్రభాష తెలియుట ఆమెకు ఒక క్రొత్తలోకమునకు వాకిలి తెఱచినది. 1882లోనే పండిత రమాబాయి పుణ్యనగరమున ఆర్యమహిళాసమాజమును నెలకొల్పియుండిరి. 1890లో కలకత్తా కాంగ్రెసు వేదికపై డాక్టరు కాదంబినీ గంగూలీ మాటాడియుండిరి. ఇతర ప్రాంతములలో స్త్రీలకు సాధ్యమైనది తెలుగు స్త్రీలకేల కారాదను ప్రశ్న ఆ కాలపు సంస్కారవంతుల నెల్ల కదలించుచుండెను.

అచ్చమాంబగారు మొదట కలముతో సమాధానము చెప్పిరి. 1901లో వెలువడిన అబలాసచ్చరిత్ర రత్నమాల మొదటిభాగములో భారతదేశ చరిత్రమునకెక్కిన పలువురు స్త్రీల జీవితములను సేకరించి వ్రాసిరి. స్త్రీలు సహజముగా మందబుద్ధులనియు, విద్యయు స్వేచ్ఛయు ఇచ్చినచో చెడిపోదురనియు వాదించువారికి ఉదాహరణములతో బదులు చెప్పుట ఆ గ్రంథోద్దేశము. అందు ఖనాదేవి చరిత్ర యొకటి. జ్యోతిషమున ఆమె మామగారిని మించినందున ఆమె నాలుకనే కోయించిరని జనశ్రుతి. మాటాడనేర్చిన స్త్రీకి లోకము విధించిన శిక్షను ఇంతకంటె స్పష్టముగా తెలుపు కథ వేఱొకటి లేదు. సభలో తడబడు స్త్రీ ఆ దోషము తనదే యనుకొనును. ఇట్టి చరిత్రలు చదివినప్పుడు ఆ తడబాటు వెనుక ఎంత కాలపు భయము దాగియున్నదో ఆమెకు బోధపడును.

అయినను పుస్తకము ఒంటరిగా చదువబడునది. జంకు పోవుటకు తోడు కావలెను. ఈ తోడును కల్పించుటకే అచ్చమాంబగారు 1902లో శ్రీమతి ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో కలసి మచిలీపట్టణమున బృందావన స్త్రీసమాజమును స్థాపించిరి. తెలుగునాట స్త్రీలే పూనుకొని నెలకొల్పుకొన్న తొలి సమాజములలో అది ముఖ్యమైనది. 1903లో ఆమె ఆంధ్రదేశమున పర్యటించి, ఊరూర ఇట్టి సమాజములు ఏర్పడునట్లు ప్రోత్సహించిరి.

ఆనాటి స్త్రీసమాజముల పద్ధతి మిక్కిలి సులభమైనది. కొందఱు స్త్రీలు ఒకచోట కూడుదురు. ఒకరు గ్రంథమును చదువగా తక్కినవారు విందురు. ఇంకొకరు తాము వ్రాసికొనివచ్చిన వ్యాసమును చదివి వినిపింతురు. చేతిలో కాగితముండుటచే మఱచిపోదునను భయము లేదు. ఎదుట నున్నవారు ఎఱిగిన ముఖములగుటచే నవ్వుదురను బెదురు తగ్గును. మొదట పరుల వ్రాతను చదివిన గొంతు, పిమ్మట తన వ్రాతను చదువును. కొంతకాలమునకు కాగితము ప్రక్కన పెట్టి తన మాటగా చెప్పును. అట్లు చదివిన వ్యాసములు, ఉపన్యాసములు పత్రికలకును ఎక్కుచుండెను. 1902లో శ్రీ సత్తిరాజు సీతారామయ్యగారు స్త్రీలకొఱకు ప్రారంభించిన హిందూసుందరి ఇందులకు ఎంతయు తోడ్పడినది. అచ్చమాంబగారి ధనత్రయోదశి యను కథయు ఆ పత్రికలోనే వెలువడి, తెలుగు కథానికకు తొలినాటి మైలురాళ్లలో ఒకటియైనది.

ఇంత కృషి చేసిన ఆమెకు విధి దీర్ఘాయువు నొసగలేదు. రత్నమాల తరువాతి భాగముల పని ముగియకముందే, ప్లేగుపీడితులకు పరిచర్య చేయుచు ఆ వ్యాధివాతబడి, 1905 జనవరి 18వ తేదీన బిలాసుపురమున పరమపదించిరి. అప్పటికి ఆమె వయస్సు ముప్పదియేండ్లు మాత్రమే.

ఆమె నాటిన విత్తనము ఎండిపోలేదు. తరువాతి తరములో గాంధీమహాత్ముని ప్రసంగములను తెలుగుచేసి సభలకు వినిపించిన దుర్గాబాయిగారు, 1946లో ఏర్పడిన రాజ్యాంగసభలో సభ్యురాలై, దేశమునకు శాసనములు దిద్దువారి సరసన నిలిచి వాదించిరి. అంతటి వాణికి తగిన శ్రోతలను, దారిని సిద్ధపఱచినవారిలో అచ్చమాంబగారిని స్మరింపక తప్పదు.

ఉద్యోగరీత్యా పరభాషాప్రాంతములలో నివసించు తెలుగు కుటుంబములకు ఈ చరిత్రము మిక్కిలి దగ్గఱది. నేటికిని పెక్కు సంఘముల వార్షికోత్సవములలో ప్రార్థనాగీతము బాలికలకు, పుష్పగుచ్ఛ సమర్పణము గృహిణులకు, ఉపన్యాసము పురుషులకు అని పంపకము జరుగుచున్నది. ఏటి కొక్కమారైన ఒక గృహిణిచేత ఒక పుట చదివించి, మఱుసటియేడు ఆమెనే తన మాట చెప్పుమని కోరినచో, అచ్చమాంబగారికి అంతకుమించిన నివాళి యుండబోదు. ధైర్యము ఉపదేశముచే వచ్చునది కాదు. వినువారు ఓపికతో కూర్చున్నచోట, ఒక్కొక్క పుటగా, ఒక్కొక్క మాటగా అది అలవడును.