మదనపల్లె అబ్బాయి, లండన్ కోటు

1911 మే నెలలో లండన్ చేరింగ్ క్రాస్ స్టేషన్‌లో రైలు దిగినవాళ్ళలో ఇద్దరు తెలుగు పిల్లలున్నారు. అన్నకి పదహారు నిండబోతున్నాయి, తమ్ముడికి పదమూడు. అన్న జుట్టు భుజాల దాకా పెరిగి ఉంది, మధ్యలో పాపిడి. ఒంటి మీద నార్‌ఫోక్ జాకెట్, అంటే నడుముకి బెల్టు ఉండే దళసరి ఇంగ్లీషు కోటు. రెండేళ్ళ కిందట ఇదే అబ్బాయికి ముందు తల గొరిగి, వెనక పిలక ఉండేది. ఆ అబ్బాయే జిడ్డు కృష్ణమూర్తి. పుట్టింది మన మదనపల్లెలో.

ఫిలాసఫీ క్లాస్ అనుకొని స్క్రోల్ చేసేయకండి ఫ్రెండ్స్. నేను రాసేది బట్టల గురించి. మన ఫెస్ట్‌లో ఈసారి కాస్ట్యూమ్ డాన్స్ ఉంది కదా, థీమ్ వందేళ్ళ కిందటి ఈవెనింగ్ డ్రెస్. అమ్మాయిలకి పర్లేదు, ఇంట్లో అవ్వల పట్టుచీరలుంటాయి. అబ్బాయిలు మాత్రం హాలీవుడ్ సినిమాల ఫొటోలు పెట్టుకొని కూర్చున్నారు. నాకేమో, వందేళ్ళ కిందట మన వైపు మనిషి ఎవరైనా అలాంటి బట్టలు వేసుకున్నారా అని డౌట్ వచ్చింది. పాత ఫొటోల్లో మన పెద్దవాళ్ళు ఎక్కువగా పంచె, పైన కోటు, తలపాగాతో కనిపిస్తారు. తిరుపతిలో చదువుకున్న సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యాక కూడా తలపాగా, పొడుగు కోటు వదల్లేదు. ఇంగ్లీషు సూట్‌ని ఇంగ్లీషువాళ్ళ కంటే బాగా వేసుకున్నవాడు ఎవరా అని వెతికితే కృష్ణమూర్తి దొరికాడు. ఆ తర్వాత బట్టల సంగతి పక్కకి పోయి, ఆయన కథలో ఇరుక్కుపోయాను.

గడియారం విప్పిన పిల్లాడు

కృష్ణ 1895 మే నెలలో పుట్టాడు. అప్పుడు మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో, సరిగ్గా అతను లండన్‌లో రైలు దిగిన సంవత్సరం. 2022లో మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళింది గానీ, మా ఇళ్ళల్లో ఇప్పటికీ చిత్తూరు మదనపల్లె అనే అంటారు.

నాన్న నారాయణయ్య రెవెన్యూ డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగి, థియోసాఫికల్ సొసైటీ మెంబరు. అమ్మ సంజీవమ్మ. ఎనిమిదో సంతానం కాబట్టి దేవకీదేవి ఎనిమిదో బిడ్డ పేరు పెట్టారు. పిల్లాడు మలేరియాతో బక్కచిక్కిపోయి ఉండేవాడు. బడిలో పరధ్యానం. పాఠం బుర్రకెక్కదు, టీచర్ల చేతిలో దెబ్బలు. కానీ మన బ్రాంచిల వాళ్ళకి నచ్చే విషయం ఒకటుంది. ఒకసారి వాళ్ళ నాన్న గడియారాన్ని మొత్తం విప్పేశాడు. మళ్ళీ బిగించి అది ఆడేదాకా అక్కణ్ణుంచి లేవలేదు. పెద్దయ్యాక కూడా ఇంజన్లంటే ఆయనకి ఆ ఇష్టం పోలేదు.

1905లో అమ్మ చనిపోయింది. అప్పటికి కృష్ణకి పదేళ్ళు. నాన్న రిటైరయ్యాక 1909లో పిల్లల్ని తీసుకొని మద్రాసులో అడయార్‌కి, సొసైటీ ఆఫీసులో పనికి వెళ్ళాడు. అక్కడి బీచ్‌లో ఛార్లెస్ లెడ్‌బీటర్ అనే సొసైటీ పెద్ద ఈ పిల్లాణ్ణి చూశాడు. ఈ అబ్బాయి చుట్టూ ఉన్న కాంతిలో స్వార్థం అన్నది లేదనీ, లోకానికి రాబోయే జగద్గురువు ఈ శరీరంలోకే వస్తాడనీ చెప్పాడు. సొసైటీ ప్రెసిడెంట్ అనీ బిసెంట్ అది నమ్మింది.

అక్కణ్ణుంచి మేకోవర్ మొదలైంది. జుట్టు పెంచారు. పళ్ళు సరిచేయించారు. తిండి మార్చారు, స్నానం చేసే పద్ధతి మార్చారు. ఈత, సైకిలు, టెన్నిస్ నేర్పారు. అన్నిటికంటే ముందు ఇంగ్లీషు. తమ్ముడు నిత్యానంద పక్కన ఉంటే తప్ప ఉండనన్నాడు కాబట్టి అతన్ని కూడా తీసుకున్నారు. 1911లో ఈ అబ్బాయి పేరు మీద ఆర్డర్ ఆఫ్ ద స్టార్ ఇన్ ది ఈస్ట్ అనే సంస్థ పెట్టారు. దేశదేశాల్లో వేలమంది చేరారు. మనం ఇంటర్ ఎక్కడ చేరాలా అని తిరిగే వయసుకి అతను ఒక ప్రపంచ సంస్థకి హెడ్. ఇందులో ఏదీ అతను అడిగింది కాదు.

నాన్న వేసిన కేసు

పిల్లల బాధ్యత బిసెంట్‌కి అప్పగిస్తూ 1910లో నారాయణయ్య సంతకం పెట్టాడు. కానీ లెడ్‌బీటర్ దగ్గర పిల్లలుండటం ఆయనకి అస్సలు ఇష్టం లేదు. పైగా కొడుకుని దేవుణ్ణి చేసి చూపించడం మింగుడు పడలేదు. 1912లో నా పిల్లల్ని నాకిచ్చేయమని కేసు వేశాడు. బిసెంట్ లాయరు లేకుండా తన కేసు తానే వాదించుకుంది. మద్రాసులో తండ్రి గెలిచాడు. ఆమె లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. పిల్లలు ఇంగ్లండులో ఉన్నారు, వాళ్ళ ఇష్టాయిష్టాలు పట్టించుకోకుండా అక్కడ తీర్పు ఇవ్వడం కుదరదని 1914లో అక్కడ తేలింది. తండ్రి ఓడిపోయాడు.

నాకు ఈ కేసు దగ్గర చాలాసేపు ఆగాలనిపించింది. పిల్లాడికి మంచి తిండి, మంచి చదువు, పెద్ద ఊరు, పెద్ద పేరు అన్నీ వచ్చాయి. తండ్రి దగ్గర ఇవేవీ లేవు. అయినా తండ్రి అడిగింది తప్పని ఎవరైనా అనగలరా?

సూట్ పాఠాలు

ఇంగ్లండులో చదువు మాత్రం కలిసి రాలేదు. కోర్టు గొడవలు పేపర్లకెక్కిన ఈ జగద్గురువుని ఆక్స్‌ఫర్డ్ చేర్చుకోలేదు. లండన్ యూనివర్సిటీ మెట్రిక్ ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ ఫెయిలయ్యాడు. తమ్ముడు నిత్య మాత్రం పాసై లా చదివాడు. బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదువుకోండి.

అన్నదమ్ములు కలిసి పాసైన సబ్జెక్టు ఒకటుంది, డ్రెస్సింగ్. బెయిలీ వీవర్ అనే బారిస్టరు వాళ్ళకి అది నేర్పాడు. సూట్లు మేయర్ అండ్ మోర్టిమర్ టైలర్ల దగ్గర, షర్టులు బీల్ అండ్ ఇన్‌మన్‌లో, బూట్లు లాబ్ దగ్గర, క్షవరం ట్రంపర్‌లో. ఇవన్నీ లండన్ దొరలు వెళ్ళే షాపులు. బూట్ల మీద బూడిద రంగు స్పాట్స్ తొడిగి, బంగారు పిడి ఉన్న చేతికర్ర పట్టుకొని తిరిగేవాళ్ళు. బూట్లు తళతళలాడేలా పాలిష్ చేయడం కూడా ఆయనే నేర్పాడు. కృష్ణ ఆ అలవాటు తర్వాత కూడా వదల్లేదు, తన బూట్లు తనే పాలిష్ చేసుకునేవాడు.

వాళ్ళకి రెండో ఇల్లులాంటిది ఎమిలీ లట్యెన్స్ ఇల్లు. ఆమె భర్త ఎడ్విన్ లట్యెన్స్ న్యూఢిల్లీ కట్టిన ఆర్కిటెక్ట్. అలాంటి ఇళ్ళల్లో రాత్రి భోజనానికి బట్టలు మార్చుకోవడం రూలు. ఇక్కడ మన డాన్స్‌కి పనికొచ్చే విషయాలు చెప్పేస్తాను.

పెద్ద ఫంక్షన్లకి వైట్ టై. నల్ల టెయిల్‌కోట్, ముందు నడుము దాకా, వెనక మోకాళ్ళ దాకా. దానికి గుండీలు పెట్టరు. లోపల తెల్ల వెయిస్ట్‌కోట్, గట్టిగా గంజి పెట్టిన తెల్ల షర్టు, కొసలు మడిచిన కాలర్, తెల్ల బో. ప్యాంటు పక్కన రెండు పట్టు చారలు.

మామూలు విందులకి బ్లాక్ టై. పొట్టి డిన్నర్ జాకెట్, దాని లాపెల్స్‌కి పట్టుగుడ్డ, నల్ల బో, ప్యాంటుకి ఒకటే చార. అమెరికావాళ్ళు దీన్నే టక్సీడో అంటారు, న్యూయార్క్ దగ్గర టక్సీడో పార్క్ పేరు మీద. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇదే ఎక్కువైంది.

పొడుగు టై రెండిట్లోనూ లేదు. స్పాట్స్ పగటి డ్రెస్, రాత్రి డాన్స్‌కి వేసుకోకండి. మన పెళ్ళి రిసెప్షన్ల కోసం అద్దెకిచ్చే మెరుపు లాపెల్ కోటు ఉంది చూడండి, అది ఈ డిన్నర్ జాకెట్‌కి మునిమనవడు. నలుపుది తీసుకొని, భుజాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. నడుము, చేతులు మన వీధి టైలర్ సరిచేస్తాడు, భుజాలు ఎవరూ సరిచేయలేరు. బో కొనకుండా నల్ల శాటిన్ ముక్కతో కుట్టించుకోవచ్చు. మన తిరుపతి ఎండకి ఉన్ని గుడ్డ జోలికి పోవద్దు.

విప్పేసింది ఏది, ఉంచుకుంది ఏది

1922లో అన్నదమ్ములు కాలిఫోర్నియాలోని ఒహాయ్ లోయకి వెళ్ళారు. నిత్యకి క్షయ, పొడి గాలి మంచిదన్నారు. తమ్ముడికి ఏమీ కాదని, అతను ఈ మహాకార్యానికి కావలసినవాడని చుట్టూ ఉన్నవాళ్ళు భరోసా ఇస్తూ వచ్చారు, కృష్ణ కూడా నమ్మాడు. 1925 నవంబరులో ఓడ మీద ఇండియాకి వస్తుండగా నిత్య పోయాడని టెలిగ్రామ్ వచ్చింది. ఓడలో రోజుల తరబడి ఏడ్చాడు. ఆ తర్వాత ఆయన మనిషి మారిపోయాడు. ఆ నమ్మకానికి పడ్డ బీట పూడలేదని నాకనిపిస్తుంది.

1929 ఆగస్టు 3. హాలండ్‌లో ఓమెన్ అనే ఊళ్ళో క్యాంపు. సుమారు మూడువేలమంది సభ్యులు, ముందు వరసలో అనీ బిసెంట్. ముప్ఫై నాలుగేళ్ళ కృష్ణమూర్తి లేచి, ఈ సంస్థని రద్దు చేస్తున్నానని ప్రకటించాడు. సత్యానికి తోవ వేసి పెట్టడం ఎవరివల్లా కాదనీ, సంస్థలు పెట్టి మనుషుల్ని దాంట్లోకి తోయడం కుదరదనీ, తనకి శిష్యులు అక్కర్లేదనీ చెప్పాడు. ఒక బారన్ ఇచ్చిన కోట, వేల ఎకరాల భూమి వాపసు ఇచ్చేశారు. ఇరవై ఏళ్ళు పెద్దవాళ్ళు కుట్టిపెట్టిన జగద్గురువు అనే డ్రెస్‌ని అందరిముందు విప్పి అక్కడ పెట్టాడు.

కోటు మాత్రం ఉంచుకున్నాడు. ముసలితనంలో కూడా లండన్ వెళితే సావిల్ రో వీధిలో హంట్స్‌మన్ టైలర్ల దగ్గరికి కొలతలివ్వడానికి వెళ్ళేవాడు. ఇండియాలో అడుగుపెడితే కుర్తా, పంచె, పైన అంగవస్త్రం. ఇక్కడ వేదిక మీద బాసింపట్టు వేసుకొని కూర్చునేవాడు, అక్కడ మామూలు కుర్చీలో. ఆశ్రమాలకి అలవాటు పడ్డవాళ్ళకి ఈ షోకు నచ్చలేదు. నాకు మాత్రం ఇది అర్థమైందనే అనిపిస్తుంది. ఊరికి తగ్గట్టు, పనికి తగ్గట్టు మార్చుకునే బట్టతో ఆయనకి పేచీ లేదు. ఒకసారి తొడిగితే ఇక నువ్వు ఇదే అని చెప్పే బట్టతోనే పేచీ.

వచ్చే ఏడాది మనందరం ప్లేస్‌మెంట్స్‌కి నీలం ప్యాంటు, తెల్ల షర్టు, టై కట్టుకుంటాం. కట్టుకోవాల్సిందే. కానీ దాన్ని సాయంత్రం విప్పగలమా లేదా అన్నది ఇప్పుడే అడుక్కోవడం మంచిది. ఇంకో మాట, ఆయన ఎనభైల్లోనే కంప్యూటర్ల గురించి పట్టుబట్టి అడిగేవాడు. మెదడు చేసే పనులన్నీ మెషీన్ చేసేస్తే మనిషి మెదడు ఏమైపోతుంది అన్నది ఆయన ప్రశ్న. భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ బోమ్‌తో దీని గురించి మాట్లాడాడు. 1984లో అమెరికాలో అణుబాంబు తయారైన లాస్ ఆలమోస్ ల్యాబ్‌కి వెళ్ళి సైంటిస్టులతో కూడా మాట్లాడాడు. సీఎస్ఈ వాళ్ళం ఇప్పుడు ఆ ప్రశ్నలోనే కూర్చొని చదువుతున్నాం.

పోయింది ఒకటి

మదనపల్లె దగ్గర కొండల మధ్య ఆయన మొదలుపెట్టించిన రిషి వ్యాలీ స్కూలు ఉంది. ఏటా చలికాలం ఇండియాకి వచ్చినప్పుడు అక్కడికి వెళ్ళేవాడు. 1985 చివర్లో ఆఖరిసారి వచ్చాడు. 1986 ఫిబ్రవరి 17న ఒహాయ్‌లో, తొంభై ఏళ్ళ వయసులో క్యాన్సర్‌తో చనిపోయాడు.

ఆ స్కూల్లో పిల్లలతో, టీచర్లతో ఆయన మాట్లాడింది ఇంగ్లీషులో. ఎందుకంటే తెలుగు మర్చిపోయాడు. అడయార్‌లో ఇంగ్లీషు మొదలైన కొన్నేళ్ళకే అది జారిపోయింది, తిరిగి రాలేదు. ఎనిమిదో బిడ్డగా ఒళ్ళో పెట్టుకొని అమ్మ మాట్లాడిన భాష అది. తను పుట్టిన ఊరి పక్కన సాయంత్రం నడకకి వెళితే, గొర్రెలు తోలుకుంటూ ఎదురయ్యే మనిషి మాట ఆయనకి తెలియదు.

నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమ్. ఇంటర్లో మార్కులు బాగా వస్తాయని సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం ఇప్పించారు. మనలో సగం మంది కథ ఇదే. ఈ వ్యాసం రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది, ఒత్తుల దగ్గర అమ్మని అడిగాను. జగద్గురువు పదవిని, కోటని, వేల ఎకరాల్ని ఆయన తెలిసి వదిలేశాడు. తెలుగుని మాత్రం ఎవరూ ఆయన్ని అడగలేదు, ఆయనా వదలాలని అనుకోలేదు. ఆయన జీవితంలో నాకు ఇప్పటికీ కలుక్కుమనేది ఇదొక్కటే.