ఏనాటి కీర్తన ఆనాటికే

తాళ్ళపాక అన్నమాచార్యులవారు 1408లో కడప సీమయందలి తాళ్ళపాక గ్రామమున జన్మించిరి. పదునారవ యేట స్వామి సాక్షాత్కారమును పొంది, 1424 మొదలుకొని 1503 ఫాల్గుణ బహుళ ద్వాదశి నాడు పరమపదించు వరకు సంకీర్తనములను సమర్పించిరని తిరుమల రాగిరేకు తెలుపుచున్నది.

వారిది సన్న్యాస జీవితము కాదు. ఇరువురు భార్యలు, బిడ్డలు, సంసారభారము కలవు. తనపై పదము చెప్పుమని సాళువ నరసింహరాయలు కోరగా నిరాకరించి, సంకెలలు ధరించిరనియు, విడుదలకై వేచియుండక ఆ చెరలోనే స్వామిని కీర్తించిరనియు మనుమడు చిన్నన్న తన ద్విపద కావ్యమున వ్రాసెను.

వారి సంకీర్తనములు 32,000 అని ప్రసిద్ధి. అన్ని పదములు చెప్పవలెనని మొదటినాడే లెక్క వేసికొని కూర్చున్నచో, మొదటి పదమైనను వెలువడెడిదా? మేలుకొలుపు వేళ మేలుకొలుపు, లాలి వేళ లాలి పాడిరి. జరుగుచున్న సేవయందే మనసు నిలిపిరి. పదములను రాగిరేకులపై చెక్కించి భద్రపరచిన వారు కుమారులు పెదతిరుమలాచార్యులు. అయినను నేడు లభించుచున్నవి సగమునకు లోపే. కాని కాలగర్భమున కలిసిన పదములు వ్యర్థములు కావు. పాడిన నాడే అవి స్వామికి చేరినవి.

రేపటి ఏర్పాట్లు గృహస్థునకు తప్పవు. అయితే స్వామి ఎదుట నిలిచి తిరుగు ప్రయాణపు బస్సును తలచు యాత్రికుడు, అంత దూరము వచ్చియు దర్శనమును పోగొట్టుకొనుచున్నాడు. ఆ క్షణమైనను కన్నులార స్వామిని చూచుట ఆచార్యులవారి జీవితము మనకు నేర్పు పాఠము.